మందారపుష్ప చిత్రలేఖనము: తొలి పాఠము

ప్రతిదినము వేకువనే లేచి వాకిట ముగ్గు పెట్టు స్త్రీ తనకు చిత్రలేఖనము రాదనుట వినుటకు వింతగా నుండును. చుక్క తప్పకుండ, వరుస చెడకుండ, పిండిని వ్రేళ్ళసందున సన్నగా జాఱవిడుచుచు నిన్ని మెలికలు తిప్పగల చేతికి పెన్సిలు పట్టుట యొక భారమా? అయినను కాగితమును ముందుంచి యొక పువ్వును వేయుమన్నచో మనలో ననేకులు "నాకు చేయి తిరుగదు" అని తప్పుకొందురు. మన చేయి చిన్ననాడే తిరిగినది. ఇంక నలవడవలసినది చూపు. ఎన్నడును బొమ్మ వేయని సోదరీమణులు సైతము ఒక మధ్యాహ్నమున నభ్యసింపదగిన పద్ధతి నొకదానిని, మందారపువ్వు నాధారముగా గొని, మెట్టుమెట్టుగా వ్రాయుచున్నాను.

ముగ్గునకును చిత్రమునకును గల భేదము

ముగ్గులోని పద్మము మనస్సులో నిలిచిన పద్మము. దాని రేకులన్నియు సమానములు, మీదినుండి చూచినట్లుండును, ఒక రేకు మఱియొక రేకును కప్పదు. దాని సొగసంతయు ఆ సమత్వమునందే యున్నది. కాని చెట్టున పూచిన పువ్వు మన కంటికి సమముగా కనబడదు. ఒక రేకు మనవైపునకు వంగియుండును. ఒకటి వెనుకకు మడిగియుండును. ఇంకొకటి సగము చాటున నుండును. చిత్రము వేయునపుడు మనస్సులోని పువ్వును కొంతసేపు ప్రక్కనుంచి, కన్నుల యెదుటి పువ్వును పట్టుకొనవలయును. క్రొత్తగా నేర్చువారికి కలుగు పొరపాట్లలో పెక్కింటికి మూల మొక్కటియే: ఎదుటనున్నదానిని చూడక, తెలిసినదానిని గీయుట.

మన పూర్వు లీ విషయమును బాగుగా నెఱిగియుండిరి. అరువదినాలుగు కళలలో ఆలేఖ్యమును చేర్చిరి. యశోధరుని జయమంగళ వ్యాఖ్యయందు చిత్రమునకు ఆఱంగములు చెప్పబడినవి: రూపభేదములు, ప్రమాణములు, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. ఆకృతులను వేఱువేఱుగా గుర్తించుట మొదటిది. కొలతలు రెండవది. పోలిక అయిదవది. రంగులను, కుంచెను వాడు నేర్పు కడపటిది. పిల్లలు మొదట రంగులపెట్టెను తెఱతురు. ఈ వరుసలో రంగు చివర వచ్చుట గమనింపదగినది.

భాగవతమున ఉషాకన్యకు ప్రాణసఖియైన చిత్రలేఖ రాజకుమారుల రూపములను గీసి చూపగా, ఉష అనిరుద్ధుని గుర్తుపట్టినది గదా! అది సాదృశ్యబలము. శాకుంతలము ఆఱవ యంకమున దుష్యంతుడు తాను వేసిన శకుంతల చిత్రమును చూచుచు, చెవియందలి శిరీషపుష్పమును ఇంకను వేయవలసియున్నదని తలచుకొనును. అంతటి చిత్రమునందును ఒక పువ్వు లేకపోవుట అతనికి కొఱతగా తోచినది.

మందారమే యేల?

సంస్కృతమున మందారమనునది దేవతావృక్షములైదింటిలో నొకటి. మన పెరటి మందారమునకు సంస్కృతమున జపా యని పేరు. కొన్ని సీమలలో దాసాని యందురు. ముద్దమందారమును తొలుత నెన్నుకొనవలదు. ఒంటివరుస రేకులుగల ఎఱ్ఱని రేకమందారమును గొనుడు. అది పెద్దది, అవయవములన్నియు స్పష్టముగా లెక్కింప వీలగును. ఇంకొక కారణముకూడ కలదు. ఈ పువ్వు ఉదయమున విచ్చి, సాధారణముగా ఆ సాయంకాలమునకే ముడుచుకొని, మఱునాటికి రాలిపోవును. మన తీఱికకై అది వేచియుండదు. రేపు వేయుదమనుకొన్న వారికి రేపు దొరకునది వేఱొక పువ్వు. ఇంటిపనుల నడుమ అరగంటను తనకొఱకు విడిచిపెట్టుకొనుట యెఱుగని గృహిణికి ఈ తొందర మేలే చేయును.

కావలసిన వస్తువులు

గీతలు లేని తెల్లకాగితము, మెత్తని పెన్సిలు, మంచి రబ్బరు చాలును. కాగితము కదలకుండ అడుగున నొక పలక నుంచుకొనుడు. కాగితము పాడగునన్న జంకు గలవారు తొలి రెండు మూడు పర్యాయములు పిల్లల పలకమీద బలపముతో గీసి తుడిచివేయవచ్చును. పువ్వును కాడతోను, రెండాకులతోను కోసి, నీళ్ళుపోసిన చిన్నగ్లాసులో నుంచుడు. కుడిచేతితో గీయువారు వెలుతురు ఎడమవైపునుండి పడునట్లు కిటికీ చెంత కూర్చుండవలయును. లేనిచో చేతినీడ కాగితముపై పడి విసిగించును. పువ్వును సూటిగా మనవైపునకు గాక, కొంచెము ప్రక్కకు తిరిగియుండునట్లు అమర్చుడు. అపుడు కాడయు, గొట్టమును, రేకులును, నడిమి కేసరదండమును అన్నియు కనబడును.

మొదటి మెట్టు: చూచుట

పెన్సిలు పట్టకమునుపు అయిదు నిమిషములు పువ్వును చూడుడు. కాడ చివర సన్నని చిన్నరేకులవంటి ఆకుపచ్చని తొడుగొకటి, దానిపైన అయిదు మొనలుగల గిన్నె, ఆపైన అయిదు ఎఱ్ఱని రేకులు. రేకు మొదలు సన్నము, చివర వెడల్పు, అంచు అలలవలె కొంచెము ముడుతపడియుండును. గొంతులో ఎఱుపు చిక్కబడును. అందుండి పొడవైన దండము వెలికివచ్చును. దాని పైసగమున పుప్పొడి తిత్తులు, కొనయందు అయిదు చిన్ని గుండ్లు.

మా పొరుగింటి పిన్నిగారొకరు ధనుర్మాసమున వీథి వెడల్పునను రథము ముగ్గు వేయగలవారు. కాగితమిచ్చినచో "ఈ వయస్సున నాకు బొమ్మలేమిటమ్మా!" అనిరి. "గీయనక్కఱలేదు పిన్నిగారూ, ఈ రేకులలో అన్నిటికంటె మీదిది ఏదో చూచి చెప్పుడు, చాలును" అంటిని. ఆమె పువ్వును చేత త్రిప్పి త్రిప్పి చూచి, "ఏదియు మీదిది కాదే! ప్రతిదియు ఒక యంచున పైకెక్కినది, ఒక యంచున క్రిందికి దూఱినది. ఇరువదియేండ్లుగా ఈ పూలు పూజకు కోయుచున్నాను. ఈ చిత్రమును చూడనే లేదు సుమా!" అనిరి. ఆమె చెప్పినదే మందారము యొక్క రహస్యము. అయిదు రేకులును ఒకదానినొకటి కప్పుకొనుచు ఒకే దిక్కునకు చుట్టు తిరిగియుండును. ఆ పూట ఆమె అడుగకయే కాగితము తీసికొనిరి. నాటినుండి పువ్వును కోసినవెంటనే సజ్జలో వేయక, ఒకమాఱు త్రిప్పిచూచుట ఆమెకు వాడుకయైనది.

రెండవ మెట్టు: కొలత

చేయి బారచాచి పెన్సిలును నిలువుగా పట్టి, ఒక కన్ను మూసి, పువ్వు ఎత్తును బొటనవ్రేలితో గుర్తించుడు. అట్లే పెన్సిలును అడ్డముగా త్రిప్పి వెడల్పుతో సరిచూడుడు. రెండింటిలో ఏది యెంత పెద్దదో తెలియును. ఆ పాళమునే కాగితముపై నాలుగు చిన్నగీతలుగా గుర్తుపెట్టుడు. చిత్రము పువ్వంత యున్నను, దానికంటె పెద్దదైనను దోషము లేదు. పాళము మాత్రము చెడరాదు.

మూడవ మెట్టు: అండాకారము

నీళ్ళచెంబును మీదినుండి చూచిన దాని మూతి గుండ్రము. కొంచెము వంచి చూచిన అదియే కోలగా కనబడును. ఇంకను వంచిన సన్నని కోలయగును. పువ్వు ముఖమును అట్టిదే. మీ యెదుటి పువ్వు ఎంత తిరిగియున్నదో అంత కోలగా, నాలుగు గుర్తులను తాకునట్లు, అత్యల్పముగా నొత్తి ఒక గీత గీయుడు. ఈ గీత తరువాత చెఱిపివేయబడును గనుక పదిమాఱులు తిరిగినను చింతలేదు. వ్రేళ్ళతో గాక, ముగ్గు వేయునపుడువలె ముంజేయి కదలునట్లు గీసినయెడల గీత తేలికగా వచ్చును.

నాలుగవ మెట్టు: గొంతును, ఇరుసును

పువ్వు గొంతు ఎచట నున్నదో చూచి చిన్నచుక్క పెట్టుడు. ప్రక్కకు తిరిగిన పువ్వునందు అది అండాకారపు నట్టనడుమ నుండనక్కఱలేదు. కాడనుండి గొంతుమీదుగా కేసరదండపు కొనవఱకు ఒక సన్నని గీత నూహించి గీయుడు. బండిచక్రమునకు ఇరుసువలె ఈ గీత పువ్వునకాధారము. కాడ యొకవైపును, దండమొకవైపును పోయినచో పువ్వు విఱిగినట్లు కనబడును.

అయిదవ మెట్టు: రేకులు

గొంతునుండి అంచువఱకు అయిదు గీతలు గీయుడు. ఒక్కొక్కటి ఒక్కొక్క రేకు నడిమి ఈనె. సూటిగా చూచు పువ్వునందు ఈ గీతలనడుమ సుమారు 72 డిగ్రీల యెడముండును. తిరిగిన పువ్వునందు ఆ లెక్కను మఱచి, కొన్ని దగ్గఱగను కొన్ని ఎడముగను కనబడినట్లే వేయుడు. కొన్ని రేకులు పొట్టిగా తోచును; పొట్టిగానే గీయుడు. అన్ని రేకులు సమానములని మనస్సు మొఱపెట్టును. దాని మాట వినవలదు.

ఇపుడు ఒక్కొక్క యీనెకు ఇరుప్రక్కల రేకు నాకారమును తేలికగా గీయుడు. మొదట అన్ని రేకులను పూర్ణముగా, ఒకదానిపై నొకటి పడినను సరే యని వేసి, పిమ్మట పువ్వును చూచి, చాటుననున్న అంచులను రబ్బరుతో తీసివేయుడు. ఒక రేకును పూర్తిగా పైదిగా చేసి వరుసగా చుట్టివచ్చువారికి అయిదవదానియొద్ద చిక్కు వచ్చును. ప్రతిరేకునకు ఒక యంచు పైన, ఒక యంచు క్రింద అను నియమమును తప్పకుండిన ఆ చిక్కు రాదు. చివరను అంచుల అలలు. ఇవి అన్నిచోట్ల నొక్కరీతిగా నుండరాదు.

ఆఱవ మెట్టు: దండము, కాడ, ఆకులు

దండమును రెండు దగ్గఱి గీతలుగా, ఉన్న వంపుతో గీయుడు. పైసగమున సన్నని పోగులను, వాని కొనలయందు చుక్కలను పెట్టుడు. లెక్కపెట్టి వేయనక్కఱలేదు, ఒత్తుగా కొన్ని, పలుచగా కొన్ని. కొనయందలి గుండ్లు మాత్రము అయిదు. తరువాత గిన్నె, కాడ, ఆకులు. ఆకు మొదట వెడల్పుగానుండి కొనదేలును. అంచున ఱంపపుపండ్లు పైభాగమున స్పష్టముగా కనబడును.

ఏడవ మెట్టు: తుదిగీత, నీడ

సహాయపు గీతలను చెఱిపి, మిగిలినవానిని దిద్దుడు. రేకు రేకును కప్పుచోట కొంచెము ఒత్తి, వెలుతురు తగులు అంచున తేలికగా గీయుడు. ఒకే లావున గీసిన పువ్వు తీగతో చేసినట్లుండును. నీడకై గొంతునుండి వెలుపలికి, ఈనెలు పోవు త్రోవనే, విసనకఱ్ఱ మడతలవలె సన్నగీతలు లాగుడు, అడ్డగీతలు వలదు. వెలుతురు ఎడమనుండి వచ్చుచున్నను గొట్టములోపలి ఎడమగోడయే నీడలో నుండును, కుడిగోడ వెలుగును. నమ్మనివారు కిటికీయొద్ద చెంబులోనికి చూడుడు. వెలుతురున్నచోట కాగితపు తెలుపునే విడువుడు.

రంగు వేయగోరువారు, గీత కుదిరిన పిమ్మట, పలుచని ఎఱుపును రేకంతట పాఱించి, అది ఆఱినతరువాత గొంతునొద్ద చిక్కని ఎఱుపు నుంచవలయును. తడియాఱకమునుపే రెండవపూత వేసినయెడల రంగులు కలిసి అంచు చెడును.

ఈ పాఠము మందారముతో ముగియదు. బెండపువ్వు, పత్తిపువ్వు ఈ కులమువే. నందివర్ధనము, గన్నేరులయందును రేకులు ఇట్లే చుట్టు తిరిగియుండును. ఒకదానిని చూడనేర్చినచో తక్కినవి తామే తెలియును. దిండుగలీబుపైనను, రవికె అంచునను కుట్టుపని చేయువారు అంగడిలోని అచ్చునకు బదులుగా తమ పెరటి పువ్వునే కుట్టవచ్చును. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారు (1897-1925) ఆంధ్రచిత్రకళకు పేరు తెచ్చిన యింటిలోనే, ఆయన భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును కుంచె పట్టిరి. స్త్రీకి ఈ విద్య క్రొత్తదియు కాదు, కానిదియు కాదు.

ఒక చిన్న పుస్తకమును దీనికై కేటాయింపుడు. వారమునకు రెండు పువ్వులు చాలును. ప్రతిచిత్రము క్రిందను తేదీని వేయుడు. బాగులేదని ఏ పుటను చించవలదు. మూడు నెలల పిమ్మట మొదటి పుటను, కడపటి పుటను ప్రక్కప్రక్కల నుంచి చూచినచో మీ చూపు ఎంత మాఱినదో ఆ పుస్తకమే చెప్పును. ఇంటనున్న బాలికలను చెంత కూర్చుండబెట్టుకొనుడు. వారి బొమ్మను దిద్దకుడు, "ఈ రేకు దేనిక్రింద నున్నదమ్మా?" అని మాత్రమడుగుడు. వారు పువ్వువైపు చూతురు. తక్కినది వారి చేయియే నేర్చుకొనును.