ఎగువ లేని దేశం – మాల్దీవులు

హిందూమహాసముద్రంలో, భారతదేశానికి నైరుతి దిశలో ఉన్న సుమారు 1200 పగడపు దీవుల సముదాయమే మాల్దీవులు. వీటిలో జనావాసం కలవి రెండువందల లోపే. ఈ దేశపు భూభాగంలో దాదాపు 80 శాతం సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తును మించదు. కొండలు లేవు, నదులు లేవు. కడలి పొంగినప్పుడు ఎగువ ప్రాంతానికి తరలిపోదామన్నా అక్కడ ఎగువ అనేదే లేదు.

1987లో పెనుకెరటాలు రాజధాని మాలేను ముంచెత్తాయి. అదే సంవత్సరం అక్టోబరులో నాటి అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో తమ దేశానికి పొంచి ఉన్న ముప్పును వివరించారు. 2009 అక్టోబరులో అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ మంత్రివర్గ సమావేశాన్ని సముద్రజలాల అడుగున జరిపి ప్రపంచం దృష్టిని ఆకర్షించారు. భూతాపాన్ని పెంచే వాయువులలో ఈ దేశం వాటా అత్యల్పం. అయినా వాటి దుష్ఫలితాలను ముందుగా అనుభవిస్తున్నవారిలో ఈ దీవుల ప్రజలున్నారు.

నేటి అవసరాలను తీర్చుకొంటూనే భావితరాల అవసరాలకు భంగం కలగకుండా చూసుకోవడమే సుస్థిరాభివృద్ధి. మాల్దీవులకు ఇది సులభసాధ్యం కాదు. 1972లో ఆరంభమైన పర్యాటకం నేడు ఆ దేశానికి ప్రధాన ఆదాయ వనరు. కాని పర్యాటకులను తెచ్చే విమానాలు, విద్యుత్తునిచ్చే డీజిల్ యంత్రాలు ఆ వాయువులనే వెలువరిస్తాయి. త్రాగునీటికి మాలే నగరం సముద్రజలాన్ని శుద్ధిచేసే యంత్రాలపై ఆధారపడింది. 2014 డిసెంబరులో శుద్ధికేంద్రంలో అగ్నిప్రమాదం సంభవించి లక్షకు పైగా ప్రజలు నీటికి కటకటలాడారు. అప్పుడు భారతదేశం విమానాలలోను, నౌకలలోను మంచినీటిని పంపి ఆదుకొన్నది.

జనసమ్మర్దాన్ని తగ్గించడానికి 1997లో సముద్రాన్ని పూడ్చి హుల్‌హుమాలే దీవిని నిర్మించడం మొదలుపెట్టారు. దాని నేల చాలా సహజ దీవులకంటె ఎత్తయినది. అయితే ఇందుకోసం సముద్రం అడుగునుండి ఇసుకను తోడినప్పుడు లేచే మడ్డి పగడాలను కప్పివేస్తుంది. కెరటాల ఉద్ధృతిని అరికట్టేవి, చేపలకు ఆశ్రయమిచ్చేవి ఆ పగడపు దిబ్బలే. 1998, 2016 సంవత్సరాలలో సముద్రజలాలు వేడెక్కి పగడాలు పెద్దసంఖ్యలో పాలిపోయి మరణించాయి. మానవుడు కట్టిన గోడను ఎప్పటికప్పుడు మరమ్మతు చేయాలి. సజీవమైన పగడపు దిబ్బ తనంతట తానే పెరుగుతుంది.

2011లో మాల్దీవులు అత్యల్పాభివృద్ధి దేశాల జాబితానుండి బయటపడ్డాయి. ఇది ప్రగతికి నిదర్శనమే. ఇకమీదట పాఠశాల కట్టినా, ఓడరేవు కట్టినా, ఆ నిర్మాణం పగడానికి చేటు చేయకుండా చూడవలసి ఉంది. ఎందుకంటే ఆ దీవుల నేల పగడాలు అరిగి ఏర్పడిన ఇసుకే. అక్కడ ప్రకృతిని రక్షించుకోవడమంటే కాలిక్రింది నేలను రక్షించుకోవడమే.