స్లీవా, బైపాసా?

బరువు తగ్గించే ఆపరేషన్ల వార్డులో నేను డైటీషియన్‌ని. షుగరు, బీపీ రెండూ ఉన్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఇదే: "స్లీవ్ మంచిదా, బైపాస్ మంచిదామ్మా?"

స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు. అరటిపండంత గొట్టం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోనూ తగ్గుతుంది. బైపాస్‌లో చిన్న సంచిని మాత్రం వేరు చేసి చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది పేగు మొదటి భాగాన్ని తాకకుండా కిందికి వెళ్తుంది. బరువు పెద్దగా తగ్గకముందే షుగరు దిగడం మొదలవుతుంది.

అమెరికాలో 150 మందితో చేసిన స్టాంపీడ్ అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) 6 శాతానికి మించనివాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23, మందులతోనే ఉన్నవాళ్లలో 5. అందుకే ఆపరేషన్ అయితే షుగరు పోయినట్టే అని ఎవరైనా చెబితే నాకు కోపం వస్తుంది.

గుండెల్లో మంట బాగా ఉన్నవాళ్లకు స్లీవ్ వద్దనే అంటాను, అది ఇంకా పెరగొచ్చు. బైపాస్ అయితే బీ12, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. రక్తం తక్కువున్న ఆడవాళ్లకు ఈ మాట రెండుసార్లు చెబుతాను. బైపాస్ తర్వాత తీపి తింటే చెమటలు, గుండెదడ రావచ్చు.

ఆపరేషన్ తర్వాత మొదటి రోజుల్లో 30 మిల్లీలీటర్ల మందు కప్పుతో పలచటి మజ్జిగ, పప్పుతేట గుటక గుటకగా తాగిస్తాం. ఆ కప్పు ఖాళీ అవడానికి పావుగంట పట్టినా తొందరపెట్టను. ఇంటికెళ్లాక బీపీ రోజూ చూసి రాసుకోండి, బీపీ మాత్రలు ఎప్పుడు తగ్గించాలో డాక్టరుగారే చెబుతారు.