ఆక్సిజన్ కాటుకు విరుగుడు కణంలోనే

గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయగానే తెల్లటి నురగ పొంగుతుంది. మందు క్రిములను చంపుతోందనడానికి అదే గుర్తని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడ మన శరీరమే మందును విరిచేస్తోంది. రక్తంలో, దెబ్బతిన్న కండలో ఉన్న కెటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ను నీరుగానూ ఆక్సిజన్‌గానూ విడగొడుతుంది. బుడగల్లో ఉన్నది ఆ ఆక్సిజనే. ఒక్క కెటలేజ్ అణువు సెకనులో లక్షలాది పెరాక్సైడ్ అణువులను వదిలించగలదు. ఇంత చురుకైన ఎంజైమ్ మందుల షాపు సీసా కోసం పుట్టలేదు. మనం పీల్చే ఆక్సిజన్ నుంచి కణాల్లోనే పెరాక్సైడ్ తయారవుతూ ఉంటుంది కాబట్టి, దాన్ని ఎప్పటికప్పుడు తొలగించే ఏర్పాటూ కణాల్లోనే ఉంది. 'యాంటీ ఆక్సిడెంట్' అని డబ్బా మీద అచ్చేసి అమ్మే మాత్రలు ఆ ఏర్పాటు చేసే పని చేయలేవు. ఎందుకు చేయలేవో ఆ ఎంజైముల పనితీరులోనే తెలుస్తుంది.

కణంలోని మైటోకాండ్రియాలో ఆక్సిజన్ నాలుగు ఎలక్ట్రాన్లు తీసుకుని నీరుగా మారుతుంది. అలా సవ్యంగా జరిగితే ఏ ఇబ్బందీ లేదు. కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఒక్కొక్కటిగా ఆక్సిజన్‌కు చేరినప్పుడే చిక్కు. ఒకటి చేరితే సూపరాక్సైడ్, రెండు చేరితే హైడ్రోజన్ పెరాక్సైడ్. ఆ పెరాక్సైడ్‌కు విడిగా తిరిగే ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. డీఎన్ఏ, కొవ్వు, ప్రొటీన్ అన్న తేడా లేకుండా అది పుట్టిన చోటే ఎదురైనదాన్నల్లా పాడుచేస్తుంది. దాన్ని పట్టుకునే ఎంజైమ్ లేదు, ఉన్నా చేరుకునే వ్యవధి ఉండదు. అందుకని కణం దాన్ని పుట్టకముందే ఆపుతుంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ సూపరాక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మారుస్తుంది. పెరాక్సైడూ విషమే కాబట్టి కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్, పెరాక్సిరెడాక్సిన్లు వెంటనే దాని సంగతి చూస్తాయి. రెండో మెట్టు లేకుండా మొదటి మెట్టు ఒక్కటే ఉంటే ఒక విషం పోయి ఇంకో విషం మిగులుతుంది.

ఆవు రక్తంలో రాగి ఉన్న ఒక ప్రొటీన్ సంగతి 1938 నుంచీ తెలుసు. అది చేసే పనేమిటో మాత్రం తెలియదు. అది సూపరాక్సైడ్‌ను తొలగించే ఎంజైమేనని 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ చూపించారు. దీని మీద ఒక గట్టి అభ్యంతరం వచ్చింది. సూపరాక్సైడ్ స్వతహాగా మందకొడి పదార్థం, డీఎన్ఏను నేరుగా ఏమీ చేయదు, మరి దానికోసం ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ ఎందుకు? 1986లో ఈ.కొలై బాక్టీరియా దీనికి జవాబు చెప్పింది. కణద్రవ్యంలోని రెండు డిస్మ్యుటేజ్‌లనూ తీసేస్తే, ఆక్సిజన్ లేనిచోట అది మామూలుగానే పెరిగింది. గాలిలో మాత్రం అమైనో ఆమ్లాలు బయటి నుంచి అందిస్తేనే పెరిగింది. వాటిని తయారుచేసే కొన్ని ఎంజైముల్లో ఇనుము, గంధకం కలిసిన ముడులుంటాయి. సూపరాక్సైడ్ పోయి పోయి వాటినే విప్పేస్తుంది. అలా ఊడిన ఇనుము హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టుకకు దారి తీస్తుంది.

ఎంజైమ్ ఉంటే చాలదు, ఉండాల్సిన చోట ఉండాలి. మైటోకాండ్రియాలో ఉండే మాంగనీస్ డిస్మ్యుటేజ్ లేకుండా పుట్టించిన ఎలుక పిల్లలు, 1995లో ప్రచురితమైన ప్రయోగంలో, 10 రోజుల్లోపే గుండె దెబ్బతిని చనిపోయాయి. కణద్రవ్యంలో రాగి, జింకు ఉన్న డిస్మ్యుటేజ్ వాటికి పుష్కలంగానే ఉంది. కానీ సూపరాక్సైడ్ పొరలు దాటి సులభంగా బయటికి రాదు, బయటి ఎంజైమ్ లోపలికి పోదు. వీధిలో కాపలావాడు ఎంత మెలకువగా ఉన్నా గదిలో రేగిన నిప్పును ఆర్పలేడు కదా.

ఈ ఎంజైములు అంత అవసరమైతే కెటలేజ్ లేనివాళ్లు ఎలా బతుకుతున్నారన్న ప్రశ్న రావచ్చు. జపాన్‌లో తకహారా అనే వైద్యుడు 1940లలో ఒక బాలిక నోటి పుండుకు శస్త్రచికిత్స చేసి పెరాక్సైడ్ పోస్తే నురగ రాలేదు, రక్తం నల్లబడింది. పుట్టుకతోనే ఆమెకు కెటలేజ్ లేదు. ఇలాంటివాళ్లలో చాలామంది మామూలుగానే జీవిస్తారు. ఎందుకంటే కణంలో రోజూ పుట్టే కొద్దిపాటి పెరాక్సైడ్‌ను మిగతా ఎంజైములు చూసుకుంటాయి. చిగుళ్లలోని బాక్టీరియా ఎక్కువ మోతాదులో వదిలినప్పుడే కెటలేజ్ లోటు బయటపడుతుంది. కాబట్టి ఇది ఎంజైముల అవసరాన్ని కొట్టేసే ఉదాహరణ కాదు. ఒకదానికొకటి దన్నుగా పనిచేస్తున్నాయని చూపే ఉదాహరణ.

ఇక మాత్రల సంగతి. ఫిన్లండ్‌లో 29,000 మందికి పైగా పొగతాగే మగవాళ్లపై జరిపిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో ఇలాంటి మరో పరీక్షను 1996లో గడువుకు ముందే ఆపేయాల్సి వచ్చింది. పండ్లూ కూరగాయలూ తినేవారు ఆరోగ్యంగా ఉండటం నిజమే. అయితే వాటిలో పీచు, ఖనిజాలు వంటివెన్నో ఉన్నాయి. ఆ మేలంతా ఒక్క పదార్థానికి కట్టబెట్టి మాత్ర చేయడమే పొరపాటు. పైగా సూపరాక్సైడ్ వంటి రాడికల్స్ అన్నిటినీ తుడిచేయడం మంచిదీ కాదు. తెల్లరక్తకణాలు క్రిములను చంపడానికి సూపరాక్సైడ్‌ను కావాలనే తయారుచేస్తాయి. ఆ శక్తి లేని పిల్లలకు తీవ్రమైన ఇన్ఫెక్షన్లు పదేపదే వస్తాయి. పోనీ ఎంజైమునే మింగుదామంటే, అదీ ప్రొటీనే కాబట్టి మామూలుగా కడుపులోనే అరిగిపోతుంది.

తిండి నుంచి ఈ ఎంజైములకు కావలసినవి రాగి, జింకు, మాంగనీస్, సెలీనియం వంటివి. అవీ చాలా తక్కువ మోతాదులోనే. ఏ ఎంజైమ్ లోటుందో తెలుసుకోవడం అంతకన్నా ముఖ్యం. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువైతే ఎర్ర రక్తకణం పెరాక్సైడ్‌ను తొలగించడానికి వాడే గ్లూటాథయోన్‌ను తిరిగి సిద్ధం చేసుకోలేదు. అలాంటివారికి వైవాక్స్ మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా ఇచ్చే ప్రైమాక్విన్ వాడితే ఎర్రకణాలు పగిలిపోవచ్చు. ఆ ప్రమాదాన్ని విటమిన్ సీసా తప్పించదు. మందు ఇచ్చే ముందు చేసే చిన్న రక్తపరీక్ష తప్పిస్తుంది.