చెరలో పుట్టిన సంగీతము

ఒక జాతి భూమిని దోచుకొనవచ్చును. దాని భాషను, తుదకు దాని పేరును గూడ దోచుకొనవచ్చును. దాని గొంతును దోచుకొనుట మాత్రము ఎవరి తరమును గాదు. ఈ మాటకు నిదర్శనము కోరువారు అమెరికా దేశపు నల్లజాతివారి సంగీతచరిత్రను చూడవలయును. జాజ్ అనియు బ్లూస్ అనియు లోకమంతట వ్యాపించిన సంగీతము వారి సృష్టి. మన దేశమున పెక్కుమంది చాలకాలము దీనిని పెద్ద హోటళ్లలో విందుల వేళ మ్రోగు విలాసవాద్యముగా మాత్రమే యెఱుగుదురు. అందువలన దాని పుట్టుక యెట్టిది, దానిని పెంచినవా రెవరు, వారికి దక్కిన ప్రతిఫల మేమి యను విషయములను పాఠకులకు విన్నవింప దలచినాము.

ఆఫ్రికా నుండి చెరపట్టి తెచ్చిన మనుష్యులను ఇంగ్లీషువారి వర్జీనియా వలసలో 1619వ సంవత్సరమున తొలిసారిగా విక్రయించిరి. ఆ తరువాత రెండు శతాబ్దములకు పైగా లక్షలాది ప్రజలు పొగాకు తోటలలోను ప్రత్తిచేలలోను పశువులవలె పనిచేసిరి. తల్లిని ఒకనికి, బిడ్డను వేఱొకనికి అమ్ముట సామాన్యమైన వ్యాపారముగా నుండెను. డోలు మ్రోతతో ఒకరినొకరు తిరుగుబాటునకు పిలుచుకొందురను భయమున దక్షిణ కారొలైనాలో 1740లో వారికి డోళ్లను నిషేధించు శాసనము పుట్టెను. డోలు పోగా వారు చప్పట్లతోను పాదఘట్టనతోను తాళము నిలుపుకొనిరి. చేలలో ఒకడు ఎత్తుకొనగా తక్కినవారందఱు అందుకొనిరి. మన నాట్ల పాటలను విన్నవారికి ఈ పద్ధతిని వేఱుగ వివరింప నక్కఱలేదు. క్రైస్తవ ప్రార్థనాలయములలో వారు ఈజిప్టు దాస్యమునుండి యూదులు విడుదలపొందిన కథను పాడిరి. ఆ కథలో తమ కథనే చూచుకొనిరి. న్యూ ఆర్లియన్సు నగరమున కాంగో స్క్వేరు అను మైదానములో మాత్రము ఆదివారపు సెలవునాడు బానిసలు కూడి తమ పూర్వుల ఆటపాటలను జరుపుకొనుచుండిరి.

1865లో అమెరికా రాజ్యాంగమునకు చేసిన సవరణచే దాస్యము చట్టరీత్యా రద్దయ్యెను. స్వేచ్ఛ వచ్చెను గాని సెంటు భూమియు రాలేదు. నిన్నటి యజమాని చేనే నేడు పాలునకు దున్నుట, పంటకాలమున లెక్క చూచినపుడు అప్పే మిగులుట, ఇదియే మిసిసిపీ ప్రాంతపు నల్లరైతు బ్రదుకు. ఆ ఒంటరి బ్రదుకు నుండి వెలువడినది బ్లూస్. నీలవర్ణము ఆంగ్లభాషలో దిగులునకు గుర్తు. ఆ మాటయే ఈ గానమునకు పేరయ్యెను. దీని నిర్మాణము బహు సులభము. నాలుగేసి మాత్రల చొప్పున పన్నెండు ఆవృత్తములు. అందు మూడు పాదములు. మొదటి పాదమున బాధను చెప్పును. రెండవ పాదమున ఆ మాటనే మఱల చెప్పును. మూడవ పాదమున దానికి జవాబు చెప్పును. ఆ జవాబు ఒక్కొక్కప్పుడు కన్నీరు, ఒక్కొక్కప్పుడు ఎత్తిపొడుపు, పెక్కుసారులు నవ్వు.

ఈ గానమునకు ప్రాణమైన స్వరములు పియానో మెట్లపై దొరకవు. గాయకుడు గాంధారమును, నిషాదమును కొంచెము దించి, నల్లమెట్టునకును తెల్లమెట్టునకును నడుమ ఊగించును. హార్మోనియముపై గమకము పలుకదని మన విద్వాంసులు చేసిన ఫిర్యాదును ఎఱిగినవారు ఈ చిక్కును సులభముగా గ్రహింపగలరు. అందువలననే బ్లూస్ గాయకులు గిటారు తీగెలను వ్రేలితో ప్రక్కకు లాగిరి. కత్తిని గాని సీసా మెడను గాని తీగెలపై జార్చిరి. మన గోటువాద్యమున కొయ్యముక్క చేయు పనియే యిది. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో మిసిసిపీ రాష్ట్రమున టట్‌విలర్ అను చిన్న రైలుస్టేషనులో చినిగిన బట్టలతో ఒక నల్లవాడు ఇట్లు కత్తితో గిటారు వాయించుచుండగా విని డబ్ల్యూ. సి. హ్యాండీ అను సంగీతజ్ఞుడు నివ్వెఱపోయెను. ఆయన 1914లో ప్రకటించిన ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ ఈ గానమునకు దేశదేశముల పేరు తెచ్చెను. స్టేషనులోని ఆ గాయకుని పేరు మాత్రము ఎవరును వ్రాసికొనలేదు.

1920లో మేమీ స్మిత్ పాడిన బ్లూస్ పాట గ్రామఫోను ప్లేటుగా వెలువడి విశేషముగా అమ్ముడుపోయెను. నల్లవారును ప్లేట్లు కొందురని కంపెనీల కప్పుడు తెలిసినది. వెంటనే ‘జాతి రికార్డులు’ అను ప్రత్యేకపు జాబితాలు పుట్టెను. పాటకు గూడ పంక్తిభేదము వచ్చెనన్నమాట. ఆ కాలమున బెస్సీ స్మిత్‌ను బ్లూస్ సామ్రాజ్ఞి యని పిలిచిరి. 1923లో వెలువడిన ఆమె తొలిప్లేటు లక్షలకొలది ప్రతులు చెల్లెను. కంపెనీ ఆమెకు పాట కింత యని రొక్క మిచ్చినదే కాని అమ్మకముపై భాగ మీయలేదు. 1937లో మిసిసిపీ రాష్ట్రమున కారు ప్రమాదములో ఆమె మరణించెను. ఆమె సమాధిపై 33 ఏండ్లు పేరు చెక్కిన రాయియైనను లేదు. 1970లో జానిస్ జోప్లిన్ అను తెల్లజాతి గాయనియు, బాల్యమున బెస్సీ యింట పనిచేసిన ఒక నల్లజాతి స్త్రీయు కలిసి ఆ రాయి పెట్టించిరి. సామ్రాజ్ఞికి దక్కిన రాజ్యమిది!

పల్లెటూరి గాయకులలో రాబర్ట్ జాన్సన్ ఒకడు. 1936, 1937 సంవత్సరములలో అతడు 29 పాటలు మాత్రమే ప్లేట్లకెక్కించి, 1938లో 27 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆ కొద్ది పాటలే తరువాతి తరములకు పాఠ్యగ్రంథమయ్యెను. మడ్డీ వాటర్స్ అను ట్రాక్టరు తోలువాడు 1943లో పొలమును విడిచి చికాగో నగరము చేరెను. నగరపు రొదలో కొయ్యగిటారు వినబడలేదు. అతడు విద్యుచ్ఛక్తితో పలుకు గిటారును పట్టెను; బ్లూస్‌కు క్రొత్త గొంతు వచ్చెను. అతని పాట నుండియే ఇంగ్లండులోని ‘రోలింగ్ స్టోన్స్’ బృందము తన పేరును గ్రహించినది. బి. బి. కింగ్ కథ మఱియొక విధము. 1949లో ఇతడు వాయించుచున్న పాక అంటుకొనెను. బయటపడిన తరువాత గిటారు లోపల మఱచితినని మఱల మంటలలోనికి పరుగెత్తి దానిని తెచ్చుకొనెను. ఇద్దఱు మగవారు లూసిల్ అను స్త్రీకొఱకు కలహించుటచే ఆ నిప్పు పుట్టినదని విని, అట్టి తెలివితక్కువ పని మఱల చేయకుండుటకు గుర్తుగా తన గిటారునకు ఆ పేరే పెట్టుకొనెను. ఇతడు 2015లో మరణించువఱకు లోకమంతయు తిరిగి పాడెను.

బ్లూస్ పొలమున పుట్టగా జాజ్ నగరమున పుట్టినది. న్యూ ఆర్లియన్సులో ఆఫ్రికావారి తాళము, ఫ్రెంచివారి నాట్యగీతములు, సైనిక బాండు వాద్యములు, బ్లూస్ గాయకుల మూలుగు ఒక్కచోట కలిసెను. అచ్చటి అంత్యక్రియల ఊరేగింపునందు శ్మశానమునకు పోవునపుడు బాండు విలంబకాలమున ప్రార్థనాగీతమును వాయించును; తిరిగివచ్చునపుడు వీథియంతయు గంతులు వేయునట్లు హుషారైన పాట నెత్తుకొనును. దుఃఖమును సంతోషమును ఒకే ఊపిరితో ఊదు ఈ పద్ధతిలో జాజ్ స్వభావమంతయు ఉన్నది.

మన పాఠకులకు ముఖ్యముగా చెప్పవలసినది దాని మనోధర్మము. యూరపు సంప్రదాయమున వాద్యకాడు వ్రాసిన స్వరమును తు.చ. తప్పక వాయించును. జాజ్ వాద్యకాడు పాట వరుసను ఒకమాఱు చెప్పి, ఆ పాటకు పునాదియైన స్వరసముదాయముల క్రమమును విడువక, దానిపై అప్పటికప్పుడు క్రొత్త వరుసలను కల్పించును. ఒకరి తరువాత ఒకరు వంతుల వారీగా కల్పించి, తుదకు అందఱును మొదటి వరుసకు తిరిగివత్తురు. కల్పనస్వరములు పాడి పల్లవికి చేరుకొను మన గాయకునికిని ఇతనికిని మార్గము వేఱు. చేయు సాహసము ఒకటే. మనవాడు రాగపు ఎల్లలలో సంచరించును, అతడు మాఱుచుండు స్వరసముదాయములపై అడుగులు వేయును.

ఈ పద్ధతికి తొలి నాయకుడుగా చెప్పబడు బడ్డీ బోల్డెన్ అను కార్నెట్టు వాద్యకాడు 1907లో మతిచెడి పిచ్చాసుపత్రిలో చేరి, 1931లో అచ్చటనే చనిపోయెను. అతని వాద్యము ఒక్క ప్లేటుపైనను మిగులలేదు. 1917లో తొలి జాజ్ ప్లేటు వెలువడినపుడు దానిని వాయించినది తెల్లవారి బృందము. తరువాత జాజ్ రాజు అను బిరుదు పొందినవాడును తెల్లవాడే. అతని పేరు పాల్ వైట్‌మన్. ఆ పేరునకు అర్థము తెల్లమనుష్యుడు! ఆ బిరుదుతోనే 1930లో చలనచిత్రమును తీసిరి. 1923లో మహోజ్జ్వలమైన ప్లేట్లను వాయించిన నల్లజాతి నాయకుడు కింగ్ ఆలివరు తుదిదినములలో సవానా నగరమున ఊడ్పుపని చేసి 1938లో మరణించెను.

ఆలివరు శిష్యుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1901లో న్యూ ఆర్లియన్సు మురికివాడలో పుట్టెను. బాల్యమున నూతన సంవత్సరపు ముందురాత్రి పిస్తోలు ప్రేల్చినందుకు బాలుర శరణాలయమునకు పంపగా అచ్చటి బాండులో కార్నెట్టు నేర్చెను. 1925 మొదలు అతడు వాయించిన ప్లేట్లు జాజ్ గతిని మార్చెను. మూకుమ్మడి వాద్యమును వ్యక్తి ప్రతిభకు రంగస్థలముగ చేసెను. అర్థములేని అక్షరములతో వాద్యమువలె పాడు పద్ధతికి అతడు వ్యాప్తి తెచ్చెను. ఎల్లప్పుడు నవ్వు ముఖముతో నుండు అతనిని తెల్లవారిని మెప్పించువాడని కొందఱు నిందించిరి. కాని 1957లో లిటిల్ రాక్ పట్టణమున నల్లపిల్లలను బడిలోనికి రానీయకుండ సైనికులను నిలిపినపుడు, ఆ మనిషియే దేశాధ్యక్షుని బహిరంగముగ తప్పుపట్టి, ప్రభుత్వము పక్షమున సోవియట్ దేశమునకు పోవనని నిరాకరించెను.

డ్యూక్ ఎల్లింగ్‌టన్ 1927 నుండి న్యూయార్కులోని కాటన్ క్లబ్బులో వాద్యబృందమును నడపెను. వేదికపై నల్లవారు, ఎదుటి కుర్చీలలో తెల్లవారు. ప్రేక్షకులుగా నల్లవారికి ప్రవేశము లేదు. అర్ధశతాబ్దము వేలాది కృతులు రచించిన ఈ మహనీయునికి 1965లో ప్రత్యేక పులిట్జరు గౌరవము నీయవలెనని న్యాయనిర్ణేతలు సిఫారసు చేయగా పై మండలి త్రోసిపుచ్చెను. ఆయన 1974లో మరణించెను. 1999లో ఆ గౌరవమును ప్రకటించిరి. బిల్లీ హాలిడే అను గాయని నల్లవారిని చెట్లకు ఉరితీయు ఘోరమును గూర్చిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ అను పాటను 1939లో పాడగా, ఆమె పాటలను అదివఱకు ప్రకటించుచుండిన కంపెనీ దానిని ముట్టుటకు జంకెను. ఒక చిన్న కంపెనీ ప్రకటించినది.

1940 తరువాత చార్లీ పార్కరు, డిజ్జీ గిలెస్పీ మున్నగువారు నాట్యమునకు లొంగని వేగముతో, శ్రద్ధగా కూర్చుండి వినవలసిన జాజ్‌ను సృష్టించిరి. 1959 ఆగష్టులో మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అను ప్లేటును వెలువరించెను. జాజ్‌లో నేటికిని మిక్కిలి ఆదరము గలది ఇదియే. ఆ నెలలోనే, న్యూయార్కున తన పేరు బోర్డుపై వెలుగుచున్న క్లబ్బు ముందఱ నిలుచుండగా, కదిలి పొమ్మని ఒక పోలీసువాడు చెప్పిన పిమ్మట, మఱియొక పోలీసువాడు అతని తల పగులునట్లు కొట్టెను. లోపల ఆ వాద్యమునకై టిక్కెట్లు అమ్ముడగుచుండెను. వెలుపల ఆ వాద్యకాని నెత్తురు చొక్కాపై కారుచుండెను. ఈ సంగీతచరిత్రను ఇంతకంటె కుదించి చెప్పుట సాధ్యము గాదు.

మన దేశముతో దీనికి సంబంధము లేకపోలేదు. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అను నల్లజాతి పియానో విద్వాంసుడు బొంబాయి తాజమహల్ హోటలులోను తరువాత కలకత్తాలోను ఏండ్లతరబడి వాయించి, 1945లో కలకత్తాలోనే కలరాతో మరణించెను. ఎల్లింగ్‌టన్ బృందము 1963లో మన దేశమున పర్యటించెను. జాన్ కోల్ట్రేన్ అను శాక్సోఫోను విద్వాంసుడు మన రాగపద్ధతిని శ్రద్ధతో పరిశీలించి, రవిశంకరునిపై గల గౌరవమున 1965లో పుట్టిన తన కుమారునికి రవి యని పేరు పెట్టెను. కెనడా దేశపు ట్రంపెట్టు విద్వాంసుడు మేనార్డ్ ఫెర్గూసన్ 1960 దశాబ్దపు చివర మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ పాఠశాలలో కొంతకాలము బోధించెను.

1987లో అమెరికా శాసనసభ జాజ్‌ను జాతీయ నిధిగా తీర్మానించెను. 2011లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ ఏప్రిల్ 30వ తేదీని అంతర్జాతీయ జాజ్ దినముగ నిర్ణయించెను. మంచిదే. కాని నిధిని మెచ్చినవారు దానిని త్రవ్వి తీసిన చేతులకు ఏమి యిచ్చిరని అడుగక తప్పదు. పాటను ఇంటిలోనికి పిలిచి, పాడినవానిని గడప బయట నిలిపిన చరిత్ర అది.

అమెరికావారిని నిందించి తృప్తిపడుట సులభము. పెండ్లికి, జాతరకు, చావునకు డప్పు లేనిదే మన ఊళ్లలో అడుగు ముందునకు పడదు. ఆ డప్పు వాయించిన చేతిని తరతరములుగా మన మెంత దూరమున నిలిపితిమో మన కెఱుకయే. మన చేలలో పుట్టిన పాటలను గూర్చి ముచ్చటించు మనకు, వానిని కట్టినవారి పేరొక్కటియైనను తెలియునా? బెస్సీ స్మిత్ సమాధిపై రాయి నిలుపుటకు 33 ఏండ్లు పట్టినది. మన పాటగాండ్ర పేరున ఇంకను ఎన్ని రాళ్లు నిలుపవలసి యున్నవో పాఠకులే ఆలోచింతురుగాక!