గోడాదరాలో ఫ్లాటు, గుజరాతీలో పేరు

సూరత్‌లో మన తెలుగువాళ్లు పోష్ ఏరియాల్లో ఇళ్లు కొంటున్నారు, ఆదివారం ముఖచిత్రానికి కథనం కావాలి, గురువారం సాయంత్రానికల్లా పేజీలు మూసేస్తాం. డెస్కు నుంచి వచ్చిన ఆర్డరు ఇది. సూరత్‌లో డబ్బున్నవాళ్ల పేటలంటే వేసూ, పాల్, అడాజణ్, సిటీలైట్. మగ్గాల మీద బతుకుదామని వచ్చిన తెలుగు కుటుంబాలు స్థిరపడ్డది ఊరికి అటు చివర, తూర్పున: లింబాయత్, డిండోలి, గోడాదరా. పోష్ అనే ముద్ర ఇప్పుడు అక్కడికీ చేరింది. గోడాదరాలో ఏ మలుపులో చూసినా లగ్జరీ ఫ్లాట్ల హోర్డింగే.

ఆ లగ్జరీ ఎలా ఉంటుందంటే: పెద్ద ఆర్చి గేటు, దాని పక్కన వాచ్‌మన్ గది, మొహం కనిపించేంత మెరిసే పార్కింగు టైల్సు, పిల్లలకు రెండు ఉయ్యాలలు. గేటు దాటి బయటికొస్తే చీరల బేళ్లతో ఒరిగిపోతున్న టెంపోలు. గడప దగ్గర కూర్చుని చీరలకు లేసు కుట్టే ఆడవాళ్లు, రాళ్లు అంటించే ఆడవాళ్లు. ఆస్‌పాస్ దాదా గుడి అనో మహారాణా ప్రతాప్ చౌక్ అనో చెబితే చాలు, ఆటోవాడు ఇంకేమీ అడగడు. రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లను నమ్ముకున్న రాజస్థానీలు, ఖాందేశ్ మరాఠీలు, యూపీవాళ్లు, మన తెలంగాణవాళ్లు ఒకే లిఫ్టు కోసం ఎదురుచూస్తుంటారు. నా మటుకు నాకు ఇది పోష్ కాదు. కష్టపడ్డ జనం కాస్త ఊపిరి పీల్చుకుంటున్న పేట. అలా రాస్తే ముఖచిత్రం అమ్ముడుపోదు కాబట్టి హోర్డింగు భాష వాడుకుంటున్నారు, బిల్డర్లూ మేమూ.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల్లో చేమగ్గం చితికిపోయాక పద్మశాలీలు షోలాపూర్, భివండి, ముంబయి, సూరత్ దారి పట్టారు. సూరత్ ఆర్ట్ సిల్కు ఊరు, చేతులెన్ని ఉన్నా పని ఉండేది. సిరిసిల్లలో సాంచలనే మరమగ్గాలు ఇక్కడా సాంచాలే, అవి నడిచే షెడ్డు 'ఖాతా'. ఖాతాలో పన్నెండు గంటల షిఫ్టు, పక్కనే అద్దె గది. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మీడియం కూడా పెట్టారంటే మనవాళ్లు ఎంతమంది చేరారో ఊహించుకోవచ్చు. 2006లో నగరం హద్దులు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కి పెరిగాయి. చుట్టూ ఉన్న పల్లెలు వార్డులయ్యాయి, పొలాలు ప్లాట్లయ్యాయి. ఇక అసలు విషయం.

బ్రోషర్లు బోలెడు చూశాను. అన్నిట్లోనూ అదే ఈతకొలను, అదే నవ్వే కుటుంబం. నన్ను పట్టి ఆపింది మాత్రం సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక దంపతుల ప్లాస్టిక్ ఫోల్డరులో ఉన్న ఒంటి కాగితం: ఇండెక్స్-2. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే ఈ కాగితం దస్తావేజుకు పిండితార్థం లాంటిది. మన దగ్గర ఇల్లు కొనేవాళ్లు ఈసీ తీశారా అని అడిగినట్టు, గుజరాత్‌లో బ్యాంకువాడైనా బ్రోకరైనా ముందు ఇండెక్స్-2 అడుగుతాడు. ఒక అమ్మకానికి ఒక కాగితం. గొలుసులా వెనక్కి వెళ్తే స్థలం ఎవరెవరి చేతులు మారిందో తెలుస్తుంది.

కాగితమంతా గుజరాతీలో ఉంది, అంకెలతో సహా. కొన్నాయన ఇరవై ఏళ్ల పైచిలుకు సాంచాలు నడిపాడు. గుజరాతీ గడగడా మాట్లాడతాడు, చదవలేడు. ఎనిమిదో తరగతి కూతురు వేలు పెట్టి చూపించింది: "బాపూ, ఇగో, అమ్మ పేరు గిక్కడున్నది." రాసిచ్చినవారి గడిలో బిల్డరు, రాయించుకున్నవారి గడిలో తల్లి.

తల్లి పేరే ఎందుకంటే, గుజరాత్‌లో స్టాంపు డ్యూటీ 4.9 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు ఒక శాతం. కొనేది స్త్రీ అయితే ఆ ఒక శాతం మాఫీ. నలభై లక్షల దస్తావేజుకు డ్యూటీ 1,96,000, ఆవిడ పేరున మిగిలేది 40,000. పక్కన భర్త పేరు చేరిస్తే మాఫీ పోతుంది. అదే ధరకు తెలంగాణలో అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే మూడు లక్షలు. ఖాతాలో రాత్రి షిఫ్టు చేసి కూడబెట్టిన ఇంటికి యజమానురాలు ఆవిడ అయిందంటే, ఆదర్శంతో కాదు, లెక్కతో. అయినా అయింది.

ఆ పేరు దగ్గరే చిక్కు కూడా. గుజరాతీ పద్ధతిలో ఇంటిపేరు, సొంత పేరు, ఆ తర్వాత భర్త పేరు. ఆవిడ ఆధార్‌లో ఉన్నది ఇంటిపేరు, సొంత పేరు మాత్రమే. పాన్ కార్డులోనేమో ఇంటిపేరు చివరికి జారింది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ ఇస్తే తప్ప హోమ్ లోను కదలలేదు. పుట్టింటి ఇంటిపేరుతో ఉన్న పాత స్కూలు సర్టిఫికెట్టును ఆయన తెలివిగా ఫోల్డరు అడుగున దాచేశాడు.

కింది గడి ఇంకా ఆసక్తికరం: మోజే (గ్రామం) గోడాదరా, బ్లాకు నంబరు, టీపీ స్కీము నంబరు, ఫైనల్ ప్లాటు నంబరు. టీపీ అంటే టౌన్ ప్లానింగ్ స్కీము. సర్కారు పొలాలన్నిటినీ కలిపేసి, రోడ్లకూ పార్కులకూ కొంత కోసుకుని, మిగిలింది కొత్త ఆకారంలో రైతులకు తిరిగి పంచుతుంది. గుజరాత్ నగరాలు పెరిగిన తీరే ఇది, చట్టం 1976ది. కాబట్టి కొనేవాడు చూడాల్సింది పాత సర్వే నంబరు ఒక్కటే కాదు, ఫైనల్ ప్లాటు కూడా. బిల్డింగు లేచిన చోటు కాగితంలో రోడ్డో తోటో అయి ఉంటే ఆర్చి గేటు కాపాడదు.

ఇక కొలత. బ్రోషరు 1,080 చదరపు అడుగులంటుంది, కాగితం కార్పెట్ ఏరియా 55 చదరపు మీటర్లంటుంది. అంటే 592 అడుగులు. మిగతాది మెట్లు, లిఫ్టు, గోడలు, బిల్డరు ఉదారంగా మనకు పంచిన గాలి. నలభై లక్షలను 1,080తో భాగిస్తే అడుగు 3,700 పడ్డట్టు, 592తో భాగిస్తే 6,757. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా చెప్పి తీరాలంది, ఒప్పందం రిజిస్టరు కాకముందు పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదనీ అంది. గుజ్‌రెరా నంబరు లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. నంబరు ఉంటుంది, హోర్డింగు అట్టడుగున, చీమ తల కన్నా చిన్నగా. ఇంకో గడిలో భూమిలో విభజించని వాటా, మనవాళ్ల భాషలో యూడీఎస్. నలభై ఏళ్ల తర్వాత బిల్డింగు కూల్చి మళ్లీ కట్టే రోజు వస్తే లెక్కకొచ్చేది అదే. బ్రోషరులో దానికి బొమ్మ లేదు.

కాగితం మీది ధరకూ చేతులు మారిన ధరకూ తేడా గురించి ఎవరూ ఎదురుగా మాట్లాడరు. ప్రభుత్వం కట్టిన కనీస ధరను జంత్రీ అంటారు. 2011 తర్వాత మళ్లీ 2023 ఏప్రిల్ 15న పెరిగింది: ఖాళీ స్థలానికి రెట్టింపు, నివాస ఫ్లాట్లకు 1.8 రెట్లు. దాంతో పాటే ఆ తేడా కొంత తగ్గిందని నా అనుమానం.

ఇండెక్స్-2 చెప్పని సంగతి ఒకటుంది: నీళ్లు. 2006 ఆగస్టులో ఉకాయి డ్యాము వదిలిన తాపీ వరద అడాజణ్, రాందేర్ లాంటి పడమటి పేటలను ముంచింది, ఖరీదైన ఇళ్లతో సహా. తూర్పు పక్క బెడద వేరు, ఇక్కడ ఖాడీలు, అంటే వాగులు, పొంగుతాయి. లింబాయత్, పర్వత్ పాటియా వైపు మీఠీ ఖాడీ అంటే వానాకాలంలో జనం లేచి కూర్చుంటారు. 2025 జూన్ చివర్లో కూడా ఆ చుట్టుపక్కల వీధుల్లో నీళ్లు నిలిచాయి. బ్రోకరును అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే, నీళ్లు పక్క సొసైటీకే వస్తాయని. కింది అంతస్తు కిరాణా కొట్టువాడిని అడగండి. బియ్యం బస్తాలు ఏ అరలో పెడతాడో చూసినా చాలు.

నోటరీ ఇళ్లు

చవగ్గా వస్తున్న రో హౌసులన్నీ దస్తావేజు ఇళ్లు కావు. వ్యవసాయేతర భూమిగా మార్చకుండానే, అంటే ఎన్.ఏ. లేకుండా, పొలంలో గీతలు గీసి స్టాంపు పేపరు మీద నోటరీ సంతకాలతో అమ్మినవి ఉన్నాయి. వీటిని సూచిత్ సొసైటీలంటారు. తర్వాత ప్రభుత్వం కొన్నిటిని క్రమబద్ధం చేసింది. చేతిలో వేరా (ఇంటిపన్ను) బిల్లు, లైట్ బిల్లు ఉన్నంత మాత్రాన అది హక్కు కాదు. గుజరాత్‌లో రైతు కానివాళ్లు వ్యవసాయ భూమి కొనడానికే వీల్లేదు.

మెట్రో పేరు చెప్పి

సూరత్ మెట్రోకు 2021 జనవరి 18న శంకుస్థాపన జరిగింది. రెండో లైను భేసాణ్ నుంచి సారోలీ వరకు 18.74 కిలోమీటర్లు. మాగోబ్, సారోలీ స్టేషన్లు ఈ పక్కవే, అందుకే గోడాదరా ధరల్లో మెట్రో ఎప్పుడో ఎక్కేసింది, రైలు కంటే ముందే.

మన కమిషనరు

1994 ప్లేగు తర్వాత జనం రైళ్లెక్కి పారిపోయిన ఊరు ఇది. 1995లో కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, ఎస్.ఆర్.రావు, అధికారులను రోజూ పొద్దున్నే ఏసీ గదుల్లోంచి వీధుల్లోకి నడిపించాడు. అక్రమ కట్టడాలు కూల్చడంలో పెద్దింటి చిన్నింటి తేడా చూడలేదు. సూరత్‌లో ఇంటి ధర మాట్లాడేవాళ్లు ఆయన్ని తలుచుకోరు కానీ, తలుచుకోవాలి.

కూరేం వండుతారు?

బేరం కుదిరాక, టోకెను ఇవ్వబోయే ముందు వచ్చే ప్రశ్న ఇది. శాకాహార సొసైటీల్లో ఇది రాసి ఉండదు, అడుగుతారంతే. అహ్మదాబాద్ పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని తమవాళ్లకే పరిమితం చేసుకునే నిబంధన చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి తోడు 1991 నాటి 'అశాంత్ ధారా', అంటే కల్లోలిత ప్రాంతాల చట్టం. అది అమల్లో ఉన్న ప్రాంతాల్లో ఇల్లు అమ్మాలన్నా కొనాలన్నా ముందు కలెక్టరు అనుమతి కావాలి. సూరత్‌లోనూ అలాంటి ప్రాంతాలున్నాయి. ఫైనల్ ప్లాటు నంబరు పట్టుకుని కలెక్టరేటులో కనుక్కోవడం అరపూట పని. మటన్ సంగతి మాత్రం ఏ ఆఫీసూ చెప్పదు, ఎదురింటి వదిననే అడగాలి.