ద్రాక్షగుత్తిలో ఇరుకు

ద్రాక్షతీగ పూచినది మొదలు కోతకు వచ్చువరకు దాని గుత్తిని విడువని పురుగు ఒకటి కలదు. శాస్త్రజ్ఞులు దానిని లోబేసియా బోట్రానా అందురు. ఫ్రాన్సు, స్పెయిను, ఇటలీ దేశముల ద్రాక్షతోటలకు అది చిరకాల శత్రువు. గోధుమవన్నె మచ్చల రెక్కలతో ఎగురు తల్లిపురుగు వలన నేరుగా కీడు లేదు; కీడంతయు దాని పిల్లయగు గొంగళిపురుగుది. వెచ్చని సీమలలో ఏటికి సాధారణముగా మూడు తరములు పుట్టును. మొదటి తరము పూమొగ్గలను, రెండవది పచ్చికాయలను, మూడవది పండ్లను తినును.

తల్లిపురుగు గ్రుడ్లను కుప్పగా పెట్టదు. ఒక్కొక్కటిగా వేరువేరు చోట్ల అంటించును. అంతేకాదు, మరియొక గ్రుడ్డు ఉన్న చోటును చాలవరకు తప్పించుకొని పోవును. గ్రుడ్ల మీది కొన్ని పదార్థములే తరువాత వచ్చు తల్లిని మరలించునని 1992లో ప్రకటితమైన పరిశోధనల వలన తేలినది. ఇంతటి జాగ్రత్తకు కారణము లేకపోలేదు.

గ్రుడ్డు వెడలిన పిల్ల పొడవు ఒక మిల్లీమీటరు మాత్రమే. అది వెంటనే కాయను తొలువక, తగిన తావు వెదకుచు గుత్తిపై తిరుగును. ఈ నడకయే దానికి పెద్ద గండము. ఎండకు వడలి కొన్ని, సాలీళ్ళ నోట బడి కొన్ని నశించును. రెండు కాయలు ఒరసికొను సందు దొరకినచో అది పట్టుదారములతో గూడు కట్టుకొని కాయలోనికి చొచ్చును. పిల్లలు అధికమైనప్పుడో, మంచి తావులు ముందు వచ్చినవానికి దక్కును. తక్కినవి మరల నడువవలసినదే.

బ్రతికినవానికిని ఇరుకు చేటే. నారుమడిలో మరీ ఒత్తుగా మొలచిన పైరు సన్నగిలుట పల్లెవారెల్లరు ఎరుగుదురు. ఇదియు నట్టిదే. ఆహారము చాలని పురుగు ఆలస్యముగా ఎదిగి చిన్న కోశము కట్టును. అందుండి వెలువడు తల్లి చిన్నదై తక్కువ గ్రుడ్లు పెట్టును. ఈ విధముగా ఒక తరపు ఇరుకు మరుసటి తరమునకు సంక్రమించును.

దీనిని విని రైతు సంతసించినచో మోసపోవును. ఒక పురుగు ఒక కాయతో తృప్తిపడదు. పలు కాయలను గాయపరచుచు సాగును. ఆ గాయముల గుండ బూడిదరంగు బూజు ప్రవేశించి గుత్తిని కుళ్ళించును. బూజు బీజములను మోసికొనివచ్చునదియు ఒక్కొక్కప్పుడు ఆ పురుగే. విచిత్రమేమనగా, బూజు పట్టిన ఆహారము దానికి హాని చేయకపోగా పెరుగుదలకు తోడ్పడును.

మందు చల్లుటయే కాక మరియొక ఉపాయము కలదు. ఆడపురుగు వాసనను కృత్రిమముగా చేసి, చిన్న గొట్టములలో నింపి తోట నిండ కట్టుదురు. మగపురుగులు దిక్కు తెలియక జతను కనుగొనలేవు. అయితే పురుగులు కొలదిగా ఉన్నచోటనే ఈ ఉపాయము చక్కగా పారును. దట్టముగా ఉన్నచో, వాసనతో పనిలేకయే అవి ఒకదానికొకటి ఎదురుపడును. కావున ముందుగా సంఖ్యను తగ్గింపవలెను.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, నాపా లోయలో 2009లో ఈ పురుగు బయటపడగా అట్లే చేసిరి. 2010లో అచ్చటి లింగాకర్షక బుట్టలలో లక్షకు పైగా మగపురుగులు పడినవి. మందును, వాసన గొట్టములను కలిపి ప్రయోగించిరి. 2014లో చిక్కినది ఒక్కటే. పురుగు నిర్మూలమైనదని 2016లో ప్రకటించిరి. అందుకై పెద్ద తోటలనే గాక ఇండ్ల పెరడులలోని ద్రాక్షతీగలను సైతము వెదకి, మందు చల్లియో గుత్తులను త్రుంచియో పురుగునకు తావు లేకుండ చేసిరి.