వడ్ల దుమ్ము, హమాలీ ఊపిరి

క్వింటా వడ్లు మిల్లాడిస్తే దాదాపు 20 కిలోల ఊక మిగులుతుంది. ఆ ఊకను బాయిలర్ పొయ్యిలో కాలిస్తే 4 కిలోల దాకా బూడిద వస్తుంది. ఆ బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికాయే. ఇసుకలోనూ పలుగురాయిలోనూ ఉండేది కూడా సిలికాయే. వరి మొక్క నేలలోని సిలికాను నీటితో పాటు తాగి, తెగుళ్లనూ పురుగులనూ తట్టుకోవడానికి ఆకుల్లోనూ గింజ పైపొట్టులోనూ దాచుకుంటుంది. వడ్లు పిడికిట పట్టినప్పుడు గరగరలాడేదీ, నూగు తగిలి ఒళ్లంతా దురద పెట్టేదీ ఈ సిలికా వల్లే. చేలో పంటను కాపాడిన ఈ కవచం, మిల్లు దగ్గరికి వచ్చేసరికి బస్తా మోసే మనిషి కంట్లోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద నల్గొండ నేల వరి నేలగా మారింది. ఆ వడ్ల వెంటే మిర్యాలగూడ చుట్టూ మిల్లులు లేచాయి. ఉప్పుడు బియ్యానికి ఈ ఊరు ఇవాళ దేశమంతటికీ తెలుసు. సూర్యాపేట వ్యవసాయ మార్కెట్ యార్డులో సీజన్ వస్తే రాశుల మధ్య నడవడానికి దారి ఉండదు. కోదాడ దాటి దక్షిణానికి వెళ్తే మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు. హమాలీలు, తూకం వేసే దడవాయిలు, రాశులు ఊడ్చే ఆడవాళ్లు, బాయిలర్ దగ్గర ఊక తోసేవాళ్లు, బిహార్ నుంచి వచ్చి మిల్లు ఆవరణలోనే వండుకు తింటున్న కుర్రవాళ్లు, సిమెంటు బస్తాలు లారీకెక్కించే కాంట్రాక్టు కూలీలు అందరూ పీల్చేది ఏదో ఒక దుమ్మే.

దుమ్ములో కంటికి కనిపించేది తక్కువ ప్రమాదం. 10 మైక్రాన్ల కంటే పెద్ద రేణువుల్లో చాలావరకు ముక్కూ గొంతూ ఆపేస్తాయి. తుమ్ములో, కళ్లెలో అవి బయటికొచ్చేస్తాయి. 5 మైక్రాన్ల కంటే చిన్నవి ఊపిరితిత్తుల్లోని గాలి గదుల దాకా వెళ్తాయి. ఎండ వాలుగా పడినప్పుడు మిల్లులో మెరుస్తూ తేలే దుమ్ము కంటే, ఆ వెలుగులో కూడా కనిపించని దుమ్మే లోపలికి దిగుతుంది. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు నూగును కొంత ఆపుతుంది, ఈ సన్నదుమ్మును ఆపలేదు. 0.3 మైక్రాన్ల రేణువుల్లో కూడా 95 శాతాన్ని పట్టే ఎన్-95 మాస్కు ఉంది. అయితే 45 డిగ్రీల ఎండలో, ఉప్పుడు వడ్ల ఆవిరి పక్కన, బస్తా భుజాన వేసుకుని దాన్ని రోజంతా పెట్టుకోమనడం న్యాయం కాదు. దుమ్ము పుట్టిన చోటే దాన్ని లాగేసే గొట్టాలు, గాలిని తిప్పి దుమ్మును వేరుచేసే సైక్లోన్ యంత్రాలు, మూతలు యజమాని పెట్టించాలి. బూడిదను ఎత్తే ముందు తడపాలి. మాస్కు వంతు ఆ తర్వాతే వస్తుంది.

మిల్లులో దుమ్ము రెండు రకాలు. మొదటిది కాలని దుమ్ము. తేమతో వచ్చిన వడ్లను ఆరబెట్టకుండా రాశి పోస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఆ బస్తా విప్పగానే బూజు బీజాలు, బాక్టీరియా విడిచిన విషాలు దుమ్ముతో లేస్తాయి. కొందరి శరీరం వాటి మీద అతిగా తిరగబడుతుంది. పొద్దున దుమ్ములో పనిచేసినవాడికి నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత, అంటే సాయంత్రానికో రాత్రికో, చలిజ్వరం, పొడిదగ్గు, ఆయాసం వస్తాయి. మర్నాడో ఆ మర్నాడో తగ్గుతుంది. ఊళ్లో వైద్యుడు మలేరియా మందో యాంటీబయాటిక్కో ఇస్తాడు. జ్వరం ఎలాగూ తగ్గేదే కనుక మందు పనిచేసిందనుకుంటారు. నెలల తరబడి ఇలా జరిగితే ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడవచ్చు. ఆ తర్వాత ఏ మందూ వాటిని మళ్లీ మెత్తబరచలేదు.

రెండోది బూడిద. ఊకలోని సిలికా సహజంగా స్ఫటిక రూపంలో ఉండదు, దాని హాని తక్కువ. పొయ్యి వేడి 800 డిగ్రీల సెల్సియస్ పైకి పోయేకొద్దీ అందులో కొంత క్రిస్టోబలైట్ అనే స్ఫటికంగా మారుతుంది. పలుగురాయి దుమ్మునూ క్రిస్టోబలైట్‌నూ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. స్ఫటిక సిలికా రేణువును మింగిన రక్షక కణం దాన్ని జీర్ణించుకోలేక చచ్చిపోతుంది. రేణువు బయటపడుతుంది, మరో కణం దాన్ని మింగుతుంది, అదీ చస్తుంది. ఈ చావుల చుట్టూ పేరుకునే మచ్చలే సిలికోసిస్. క్షయ సోకడానికీ ఇది దారి తెరుస్తుంది. అందుకే దుమ్ము పనివాళ్లలో చాలామంది మందుల చీటీ మీద ‘టీబీ’ అని మాత్రమే ఉంటుంది. మనిషి టీబీ మందులు మింగుతూ అదే దుమ్ములోకి తిరిగి వెళ్తాడు.

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో వృత్తి వ్యాధుల మీద రాసిన గ్రంథంలో ధాన్యం జల్లించేవాళ్లకూ కొలిచేవాళ్లకూ ఒక అధ్యాయమే కేటాయించాడు. సూర్యాపేట యార్డులో చాటతో తూర్పారబట్టే ఆడమనిషి, కాటా దగ్గర నిలబడే దడవాయి అచ్చంగా ఆ అధ్యాయంలోని మనుషులే. రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో ‘నువ్వు ఏం పని చేస్తావు?’ అన్నదాన్ని చేర్చమని వైద్యులకు చెప్పింది కూడా ఆయనే. మన ఓపీ చీటీల్లో పేరు, వయసు, ఊరు ఉంటాయి. పని రాయడం అరుదు.

కంటి సంగతి వేరే చెప్పాలి. వడ్ల పొట్టు ముక్క కంటి నల్లగుడ్డు మీద గీరితే ఆ గీతలోంచి శిలీంధ్రం లోపలికి పోతుంది. దక్షిణాదిలో శిలీంధ్రాల వల్ల వచ్చే కంటిపుండ్లు చాలా ఎక్కువ. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు వీటి మీద ఏళ్ల తరబడి అధ్యయనాలు చేశారు. ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ అనే శిలీంధ్రాలే వాటిలో ముఖ్యమైన నేరస్తులు. ఆకుపసరు పోసినా, మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసినా పుండు లోతుకు పోతుంది. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక నీరు కారుతుంటే ఆ రోజే కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. పక్కలు మూసిన ప్లాస్టిక్ కళ్లజోడు ఒకటి ఇస్తే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. దాని ధర ఒక హమాలీ రోజు కూలి కంటే తక్కువ.

ఇక బెల్టు, పుల్లీ, ఎలివేటర్. లుంగీ అంచో తువ్వాలు కొసో చిక్కుకుంటే చెయ్యి వెనక్కి లాగే వ్యవధి ఉండదు. అందుకే తిరిగే ప్రతి భాగానికీ కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. గాయమయ్యాక వచ్చే పరిహారం యజమాని దయ కాదు. 1923 నాటి వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం 2010 నుంచి ఉద్యోగుల పరిహార చట్టంగా నడిచింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఇప్పుడది కలిసింది. పరిహారం లెక్కకు తీసుకునే నెల వేతనం పరిమితి 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం రూ.15,000. ముప్పై ఏళ్ల మనిషికి పట్టికలోని గుణకం 207.98. పనిలో చనిపోతే వేతనంలో సగాన్ని దీనితో హెచ్చవేస్తారు, రూ.15,59,850 వస్తుంది. శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే వేతనంలో 60 శాతం లెక్కన రూ.18,71,820. బొటనవేలు మొత్తం పోతే 30 శాతం నష్టమని చట్టమే తేల్చింది, అంటే రూ.5,61,546. ఒక కంటిచూపు పోయినా అంతే. గాయమైనవాడి చేతిలో ఆసుపత్రి ఖర్చులకని కొంత పెట్టి ‘ఇక ఏ బాకీ లేదు’ అని వేలిముద్ర వేయించుకుంటే ఆ కాగితం చెల్లదు. హక్కును వదులుకునే ఒప్పందాన్ని చట్టం గుర్తించదు.

‘వాడు అజాగ్రత్తగా ఉన్నాడు’ అన్న మాట ప్రతి ప్రమాదం తర్వాతా వినిపిస్తుంది. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం విషయంలో ఆ వాదనకు చట్టంలో చోటే లేదు. పనికి వచ్చేటప్పుడూ ఇంటికి పోయేటప్పుడూ జరిగే ప్రమాదానికి పనితో సంబంధం తేలితే దాన్నీ కొత్త కోడ్ కలుపుకుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద ట్రాక్టర్లలో, ఆటోల్లో కిక్కిరిసి పనికి వెళ్లేవాళ్లకు ఇది చిన్న మార్పు కాదు.

తెగిన వేలు అందరికీ కనిపిస్తుంది. పదేళ్లు పీల్చిన దుమ్మును చూపించడం ఎలా? చట్టం దీని గురించి ఆలోచించకపోలేదు. వృత్తి వ్యాధుల పట్టికలో ‘సి’ భాగం ఉంది. సిలికోసిస్ లాంటి ఖనిజధూళి జబ్బులు, జిన్నింగ్ మిల్లుల పత్తిదుమ్ముతో వచ్చే బిస్సినోసిస్, జీవపదార్థాల దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల అలర్జీ వాపు అందులో ఉన్నాయి. పైన చెప్పిన సాయంత్రపు జ్వరం ఈ చివరిదే. ఆ భాగంలోని జబ్బు వస్తే, కార్మికుడు అంతకుముందు పనిచేసిన యజమానులందరూ తలా కొంత కట్టాలి. ఈ సీజన్ ఒక మిల్లు, వచ్చే సీజన్ మరో మిల్లు అని తిరిగే హమాలీ కోసమే రాసినట్టున్న నిబంధన ఇది.

అయితే ఆ మిల్లుల్లో పనిచేసినట్టు కాగితం ఉండాలి. చిక్కంతా అక్కడే ఉంది. ముఠా మేస్త్రి చేతిలో బస్తాల లెక్క ఉంటుంది, మనుషుల పేర్లు ఉండవు. కూలి బస్తాకు ఇంతని ముఠాకు పడుతుంది, హాజరు పట్టీలో పేరెక్కదు. ‘వాళ్లు మా మనుషులు కారు’ అనడం మిల్లుకు తేలిక. హైదరాబాద్‌లోని కార్మికుల బీమా కార్పొరేషన్ ఈఎస్ఐకి, రాజ్‌కమల్ ట్రాన్స్‌పోర్ట్‌కు మధ్య నడిచిన కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. ఎత్తడం, దించడం ఆ రవాణా సంస్థ నిత్యం చేసే వ్యాపారంలో భాగమే కనుక హమాలీలు ఈఎస్ఐ చట్టం కింద ఉద్యోగులేనని తేల్చింది. ఈఎస్ఐలో పేరుంటే పరిహారం యజమాని నుంచి కాకుండా కార్పొరేషన్ నుంచి వస్తుంది. వైద్యం ఉచితం, వైకల్యం వస్తే వేతనంలో 90 శాతం దాకా నెలనెలా అందుతుంది. కనీసం 10 మంది పనిచేసే చోట, నెలకు రూ.21,000 లోపు జీతమున్నవాళ్లు దీని పరిధిలోకి వస్తారు. కార్మికుడి వాటా 0.75 శాతమే.

ఆరోగ్య రికార్డుల మీద 1995లో వచ్చిన తీర్పును ఇంకా ఎక్కువమంది చదవాలి. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పి, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అప్పటి దాకా దాచమంది. దుమ్ము జబ్బు పని మానేశాక కూడా బయటపడుతుందని న్యాయస్థానం గ్రహించింది. హమాలీకి నిన్నటి హాజరుకే ఆధారం లేదు.

సిమెంటు ప్రాంతంలో ప్రమాదం మరో రూపంలో ఉంది. తడి సిమెంటు పీహెచ్ 12 దాటుతుంది, చర్మాన్ని నెమ్మదిగా కాలుస్తుంది. అందులోని ఆరు సంయోజకతల క్రోమియం అలర్జీ పుట్టిస్తే, ఆ తర్వాత రవ్వంత తగిలినా చేతులు పగిలి రసి కారతాయి. డెన్మార్క్ 1980ల మొదట్లోనే సిమెంటులో ఫెర్రస్ సల్ఫేట్ కలిపించి ఈ జబ్బును బాగా తగ్గించింది. ఇక నిర్మాణ పనులు. 2023 జులైలో మేళ్లచెరువులో ఒక సిమెంటు కర్మాగారం కొత్త యూనిట్ కడుతుండగా ఎత్తు నుంచి పడి వలస కార్మికులు చనిపోయారు. అలాంటి కుటుంబాలకు ఒక సౌకర్యం ఉంది, దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ. పరిహారం దరఖాస్తు ప్రమాదం జరిగిన జిల్లాలోనే వేయనక్కర్లేదు. తమ సొంత రాష్ట్రంలో, సొంత జిల్లాలోనే వేయవచ్చు. కాంట్రాక్టర్ మాయమైనా అసలు యజమానే బాధ్యుడు. పరిహారం నెలలోపు జమచేయకపోతే 12 శాతం వడ్డీ, సగం దాకా జరిమానా పడతాయి.

రాజస్థాన్ 2019లో తెచ్చిన సిలికోసిస్ విధానం మరో దారి చూపింది. వైద్యుల బోర్డు జబ్బును ధ్రువీకరిస్తే చాలు, ఏ గని యజమాని దగ్గర పనిచేశాడో నిరూపించాల్సిన పని లేకుండా ప్రభుత్వం రూ.3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో రూ.2 లక్షలు ఇస్తుంది. సూర్యాపేటలోనూ నల్గొండలోనూ 2019లోనే ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మిర్యాలగూడ హమాలీకైనా, మఠంపల్లి గని కూలీకైనా పెద్దాసుపత్రి ఇప్పుడు గంటా రెండు గంటల దూరంలోనే ఉంది. ఊపిరి ఊది కొలిచే స్పైరోమెట్రీ పరీక్షకు పావుగంట చాలు. వడ్ల సీజన్ మొదలయ్యే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి యార్డులోనే ఆ పరీక్ష చేసి, చీటీ మీద పేరు పక్కన పనిని, మిల్లును, ముఠాను రాయించి, ఒక ప్రతిని కార్మికుడి చేతికి ఇవ్వడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. ఆ చీటీయే రేపు పరిహారం కేసులో అతని సాక్ష్యమవుతుంది.